చేను మెరకైంది, ఊరు పల్లమైంది

డెల్టాలో చేను ఉత్త చేను కాదండీ, వాననీటికి తొట్టి. ఎకరంలో నాలుగంగుళాల నీరు నిలిచిందంటే సుమారు 4 లక్షల లీటర్లు. దాన్ని మూడడుగులు మెరక చేసి ప్లాట్లు కోస్తే ఆ నీళ్లెక్కడికి పోతాయి? పక్క చేలోకి, వెనకున్న పాత పేట ఇళ్లలోకి.

అసలు కొంప ముంచేది తూము. నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న మురుగు బోదెను పూడ్చి, రోడ్డు కింద తూముగా ఒక్క అడుగు వ్యాసం గొట్టం వేస్తారు. ఎనిమిది చదరపుటడుగుల దారిలో ఒక్క చదరపుటడుగు కూడా మిగల్లేదు. పైగా గొట్టాన్ని బోదె అడుగుభాగంకన్నా జానెడు ఎత్తున పెడతారు, ఆ జానెడు నీరు ఇక కదలదు. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి మూతికి అడ్డంపడితే సరేసరి. సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులైన వారానికే ముంపు తగిలిందా, నారు కుళ్లినట్టే. మళ్లీ నారు, మళ్లీ కూలీలు.

ఈ ప్లాట్లమ్మేవాళ్ల బ్రోచర్లో మాత్రం 'కొబ్బరితోటల మధ్య ప్రశాంత జీవనం'! ఆ తోటలు కొట్టించిందెవరో?

నోరెత్తితే అభివృద్ధికి అడ్డమంట. ఇళ్లు వద్దని ఎవరన్నారు బాబూ? బోదెను మేజర్ డ్రెయిన్‌లో (పెద్ద మురుగు కాలువలో) కలిసేదాకా తవ్వి, నీరు పారే మట్టాలు చూపించి, ఆ తర్వాత దింపండి మట్టి ట్రాక్టర్లు.