లేని క్యూలో రెండోవాణ్ణి

నిన్న సాయంత్రం జరిగిన సంగతి ఇది. ఒళ్లు మంట ఇంకా చల్లారలేదు కాబట్టి వేడి మీదే రాసేస్తున్నాను. మేం ఉండేది ఇంగ్లండులో, షెఫీల్డ్‌లో. మా ఆవిడకు నిన్న ఆస్పత్రిలో నైట్ డ్యూటీ. మా బావమరిది ఇక్కడే ఎమ్మెస్సీ వెలగబెడుతున్నాడు. శనాదివారాలు మా ఇంట్లో పప్పుచారు తినడం కూడా సిలబస్‌లో భాగమే అనుకుంటాడు. "మూడేళ్లయింది బావా నువ్వీ దేశం వచ్చి. ఇంకా సూపర్ మార్కెట్ క్యాన్లేనా? పద, అసలు సిసలు ఏల్ తాగిస్తాను" అన్నాడు. ఏల్ అంటే ఇక్కడివాళ్ల పాతకాలపు బీరు. తాగిస్తానన్నాడు గానీ డబ్బులిస్తానని అనలేదు. ఆ తేడా నాకు తర్వాత తెలిసింది. సరే, వెళ్లాం.

కెల్హామ్ ఐలాండ్ అని, ఒకప్పుడు ఉక్కు ఫ్యాక్టరీలతో నిండి ఉన్న పేట. ఇప్పుడు అక్కడ అడుగుకో పబ్బు. మేం దూరిన పబ్బు పేరు చెప్పను, వాళ్ల తప్పేమీ లేదు. తప్పెవరిదో ఇప్పుడే తేల్చను గానీ వాడు నా బావమరిది.

కౌంటర్ మీద వరసగా ఎనిమిది పొడుగాటి చెక్క పిడులున్నాయి. ఒక్కోదానికి ఒక్కో బీరు బొమ్మ తగిలించి ఉంది. సంప్రదాయ ఏల్‌ని గ్యాసు పెట్టి పైకి తోయరట. కింద సెల్లార్‌లో పీపాలో అది ఇంకా పులుస్తూనే ఉంటుంది, పైన పిడి పట్టుకుని లాగితే గ్లాసులోకి వస్తుంది. చూడగానే మా వీధి బోరింగు గుర్తొచ్చింది. మా బోరింగు ఇరవై సార్లు కొడితే గానీ చుక్క రాల్చేది కాదు. ఇక్కడి అమ్మాయి మూడు నాలుగు లాగుల్లో పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు, నురగతో సహా నింపేస్తోంది. సెల్లార్‌లో పన్నెండు డిగ్రీలో అటూ ఇటో ఉంటుంది. మన 'కూలింగ్' లెక్కలో అది ఎండలో పెట్టిన బీరు. అయినా ఈ పద్ధతి పోకూడదని 1971లో నలుగురు కుర్రాళ్లు కామ్రా అని ఒక ఉద్యమమే మొదలుపెట్టారు. భాషను కాపాడాలని మనం పెట్టుకునే సంఘాల్లాంటిదే. కాకపోతే వీళ్లది పనిచేసింది.

"నాకు జైపూర్" అని చెప్పి మా వాడు కిటికీ పక్కన బల్ల చూసుకుని ఫోను తీశాడు. జైపూర్ అంటే పక్కనే డెర్బీషైర్‌లో, బేక్‌వెల్‌లో తయారయ్యే ఇండియా పేల్ ఏల్, 5.9 శాతం. ఇండియాలో ఎండకు మాడుతున్న తమ దొరల కోసం వెనకటికి ఇంగ్లీషు వాళ్లు హాప్స్ అనే చేదు పూలు దట్టించి, నెలల తరబడి ఓడల్లో పంపిన బీరుకు ఆ పేరు మిగిలిపోయింది. ఒంగోలు వాడు షెఫీల్డ్ వచ్చి జైపూర్ కొనుక్కోవడం ఏమిటని నేను ఆలోచిస్తూ కౌంటర్ వైపు నడిచాను. ఆ ఆలోచనలో లేకపోతే ముసలాయన్ని సరిగ్గా చూసి ఉండేవాణ్ణేమో.

ముసలాయన కౌంటర్ దగ్గర మధ్యలో నిలబడి ఉన్నాడు. తల మీద ఊలు టోపీ, కాళ్ల దగ్గర కుక్క, చేతిలో నాలుగో వంతు మిగిలిన నల్లటి ఏల్. నేను వెళ్లి ఆయన వెనక ఒక గజం దూరంలో నిలబడ్డాను.

ఎందుకు నిలబడ్డానంటే, ఈ దేశం నాకు మూడేళ్లలో నేర్పిన విద్య అదొక్కటే. ఒంగోలులో చదువుకునే రోజుల్లో వైన్ షాపు ఇనుప జాలీ దగ్గర నా ప్రతాపం చూడాల్సింది. నాలుగు చేతుల కింద నుంచి, రెండు చంకల సందులోంచి నోటు దూర్చి "అన్నా, ఒక స్ట్రాంగ్!" అంటే లోపలివాడు నా చెయ్యే పట్టుకునేవాడు. ఆ విద్యను ఇక్కడికొచ్చాక పనిగట్టుకుని మర్చిపోయాను. బస్టాపులో క్యూ, బేకరీలో క్యూ, సూపర్ మార్కెట్లో క్యూ. ఒకసారి ఏటీఎం దగ్గర ఒకాయన బూట్ల లేసు కట్టుకుంటుంటే ఆయన వెనకా నిలబడ్డాను. ఈ విషయంలో నేను ఇంగ్లీషు వాళ్లకంటే ఒక ఆకు ఎక్కువే చదివాను.

ఐదు నిమిషాలు గడిచాయి. ముసలాయన ఏమీ ఆర్డర్ చెయ్యలేదు. ఏది తాగాలో తేల్చుకోలేకపోతున్నాడు పాపం అనుకున్నాను. ఎనిమిది పిడులున్నాయి కదా, ఎవరికైనా కష్టమే. ఆయన మధ్యమధ్యలో గ్లాసెత్తి, పెదవులు తడిసేంత మాత్రం తాగి, దించేవాడు. గ్లాసులో మట్టం దిగేది కాదు. ఆ తాగుడు చూస్తుంటే నాకు మా తాతయ్య నశ్యం పీల్చడం గుర్తొచ్చింది.

ఇంతలో వెనక నుంచి ఒకావిడ, "మీరు క్యూలో ఉన్నారా?" అని అడిగింది.

ఈ ప్రశ్న ఇంగ్లండులో ఎవరైనా అడిగితే మనసు ఎంత నిండిపోతుందో చెప్పలేను. మూడేళ్లలో వీసా వాళ్లు అడగని ప్రశ్న లేదు గానీ, ఇంత గౌరవంగా ఎవరూ అడగలేదు. "అవును" అన్నాను, గుండెల నిండా గాలి పీల్చుకుని. ఆవిడ నా వెనక నిలబడింది. ఆవిడ వెనక ఇద్దరు స్టూడెంట్లు. వాళ్ల వెనక, భుజాల మీదుగా గులాబీరంగు పట్టీలు వేసుకుని, పెళ్లికి ముందు పార్టీ అని పెళ్లికూతుర్ని వెంటబెట్టుకొచ్చిన ఆరుగురు ఆడపిల్లలు. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా క్యూ ఒక బారెడు పెరిగేది. జూదం మిషను దాటింది, బాత్రూమ్ తలుపు దాటింది, వీధి గుమ్మం దాకా పాకింది. నాకు వైకుంఠం కాంప్లెక్స్‌లో సర్వదర్శనం గుర్తొచ్చింది. అక్కడైతే కంపార్ట్‌మెంటులో కూర్చోబెట్టి పాలూ ఉప్మా పెడతారు.

ముసలాయనకు అటు పది అడుగులు, ఇటు పది అడుగులు కౌంటర్ ఖాళీ. ఆ ఖాళీ వెనక బీరు పోసే అమ్మాయి తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తూ మావైపు చూస్తోంది. నేను చిరునవ్వు నవ్వాను. ఆమె కూడా నవ్వింది. "పర్వాలేదు, ఆయన తేల్చుకోనీ, మాకు తొందరేం లేదు" అని నా నవ్వుకు అర్థం. ఆమె నవ్వుకు అర్థమేమిటో ఇప్పుడు తెలుసు. అసలు నాకు మండేది ఇక్కడే. ఒక్క ముక్క! "బాబూ, ఇలా రా" అని ఒక్క ముక్క అంటే ఆమె సొమ్మేం పోయింది? మర్యాదట. అవతలివాడు గోతిలో పడుతుంటే గుడ్ ఈవెనింగ్ చెప్పే మర్యాద. "కాళ్లు తుడుచుకోండి", "కుక్కలకు స్వాగతం", "లోపల పొగ తాగరాదు" అని మూడు బోర్డులు పెట్టారు. నాలుగో బోర్డుకు మేకు దొరకలేదా?

అప్పుడొచ్చాడు నడివయసు మనిషి ఒకడు, చేతిలో సైకిల్ హెల్మెట్టుతో. పదిమంది క్యూని గడ్డిపోచను చూసినట్టు చూసి, తిన్నగా కౌంటర్ కుడి చివరికి వెళ్లి మోచెయ్యి ఆనించాడు. అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి వెంటనే పిడి లాగడం మొదలుపెట్టింది.

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. నా ఒక్కడి కోసం కాదు, నన్ను నమ్మి నా వెనక నిలబడ్డ పదిమంది కోసం. పెళ్లికూతురు కూడా ఉంది. గొంతు సవరించుకుని, ఈ దేశంలో పుట్టినవాడెవడికీ నోరు రాని ఆ మాట నేనే అనేశాను. "ఎక్స్‌క్యూజ్ మీ, ఇక్కడ క్యూ ఉంది."

పబ్బు మొత్తం ఆగిపోయింది. కుక్క తలెత్తింది. సైకిలాయన చేతిలో చిల్లర అలాగే ఉండిపోయింది. ముసలాయన నెమ్మదిగా, రథం తిరిగినట్టు, నావైపు తిరిగి అన్నాడు. "ఏ క్యూ?"

"మీ వెనక... క్యూ" అన్నాను.

"నేను క్యూలో లేను. నేనిక్కడ నిలబడి ఉన్నానంతే. రోజూ ఇక్కడే నిలబడతాను."

అమ్మాయి అప్పుడు నోరు విప్పింది. "బార్‌లో క్యూ ఉండదు, లవ్. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి రావడమే. ఎవరు ముందొచ్చారో నేను చూసుకుంటాను." ఈ ఊళ్లో అందర్నీ లవ్ అనే అంటారు, బస్సు డ్రైవర్లతో సహా. కాబట్టి అందులో ఓదార్పు వెతుక్కోకూడదు.

ఇక వెనకున్న పదిమంది! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పబ్బులు చూసినవాళ్లు. నన్ను చూసి నిలబడ్డారు. "కోవిడ్ నుంచి మొదలైంది ఈ జాడ్యం. కుర్రాళ్లు బార్‌లో కూడా రైలు పెట్టెల్లా నిలబడుతున్నారు" అని ముసలాయన కుక్కతో చెప్పుకున్నాడు. క్యూ ఒక్క క్షణంలో కరిగి కౌంటర్ పొడుగునా పరుచుకుంది. మోచేతులు, నోట్లు, కార్డులు, ఒకరి భుజం మీద నుంచి ఒకరి చూపులు. అచ్చం మా ఒంగోలు వైన్ షాపు, జాలీ ఒక్కటే తక్కువ. అంటే ఈ దేశం మొత్తం మీద నా పాత విద్య పనికొచ్చే చోటు ఇదొక్కటే. వెళ్లి వెళ్లి అక్కడ లైన్లో నిలబడ్డాను.

"ఏం కావాలి?" అంది అమ్మాయి. ఎనిమిది పిడులూ కళ్ల ముందు గిర్రున తిరిగాయి. ముందే చూసి పెట్టుకున్న పేర్లన్నీ ఎగిరిపోయాయి. మన వైన్ షాపులో "స్ట్రాంగా, లైటా?" అని ఒకటే ప్రశ్న అడుగుతారు. నోటికి అదే వచ్చింది. "స్ట్రాంగ్" అన్నాను. ఏ స్ట్రాంగ్ అంది. ఒక పిడి మీద నవ్వుతున్న పిల్లి మొహం కనిపించింది. "ఆ పిల్లి. ఒక పైంటు పిల్లి" అన్నాను.

అది ఓల్డ్ టామ్. స్టాక్‌పోర్ట్‌లో 1899 నుంచి కాస్తున్న ఏల్, 8.5 శాతం. మొదటిసారి కాచినప్పుడు బ్రూవర్ తన నోటు పుస్తకంలో ఆ పిల్లి మొహాన్ని గీశాడట. అంత ఘాటైనదాన్ని ఇక్కడ పైంటు పొయ్యం, సగమో, మూడో వంతో అంది అమ్మాయి. మళ్లీ ఒకసారి లవ్ అంది. సగం తీసుకున్నాను. ఇక్కడ మద్యాన్ని యూనిట్లలో లెక్కేస్తారు, ఆ సగంలోనే రెండున్నర యూనిట్లకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడి డాక్టర్లు వారానికి పద్నాలుగు దాటొద్దంటారు. ఆ క్షణంలో పద్నాలుగూ ఒకే గ్లాసులో పోసిచ్చినా కాదనేవాణ్ణి కాదు.

రుచి చెప్పాలంటే, మాడీ మాడని బెల్లం పాకంలో ఎండు ఖర్జూరం నానబెట్టి, పైన మిరియాలు చల్లినట్టుంది. గొంతులోంచి వెచ్చగా దిగింది. మంచి వస్తువే. ఇంకో రోజు, ఇంకో మూడ్‌లో తాగి ఉంటే దాని మీద ఒక పేజీ రాసేవాణ్ణి.

బల్ల దగ్గరికొచ్చేసరికి మా బావమరిది కళ్లల్లో నీళ్లు తుడుచుకుంటున్నాడు. "ఏరా, క్యూ ఉండదని నీకు తెలుసా?" అన్నాను. "తెలుసు బావా." "మరి చెప్పొచ్చుగా?" "చెబుదామనే అనుకున్నాను. కానీ ఆ పెళ్లికూతురు బ్యాచ్ కూడా వచ్చి నిలబడ్డాక, ఇది ఎంతవరకు పోతుందో చూద్దామనిపించింది." అని నా చేతిలోంచి జైపూర్ అందుకుని, ఒక గుటక వేసి, ఫోను నావైపు తిప్పాడు. మొత్తం తీశాడు. ముసలాయన తిరగడం కూడా ఉంది.

దాన్ని మా ఆవిడకు మాత్రమే పంపుతానన్నాడు. పంపింది ఫ్యామిలీ గ్రూపులోకి. పైగా వాడు తాగుతాడని వాళ్లింట్లో తెలియదు కాబట్టి, కింద "పోస్టాఫీసులో బావ" అని రాశాడు. పొద్దున లేచి చూస్తే ముప్ఫై నాలుగు మెసేజీలు. మా పెద్దమామయ్య "క్రమశిక్షణ అంటే అదీ" అని మెచ్చుకున్నారు. మా ఆవిడ డ్యూటీ దిగి వస్తూ బస్సులో వీడియో చూసి, నాకు విడిగా ఒక్క ప్రశ్నార్థకం పెట్టింది.

మా అత్తగారు వీడియో రెండుసార్లు చూశారట. గ్రూపులోనే అడిగారు. "అల్లుడు గారూ, ముందు నిలబడ్డ పెద్దాయన చేతిలో ఆ నల్లటి కషాయం ఏమిటండీ? అక్కడ పోస్టాఫీసుల్లో కషాయం కూడా ఇస్తారా? మోకాళ్ల నొప్పులకైతే నాకూ ఒక సీసా పంపండి."

గంటన్నర అయింది. నాకు బ్లూ టిక్కులు పడిపోయాయి. బావమరిది ఇంకా లేవలేదు.