మూడో కుర్చీ గారికి

మహారాజశ్రీ వెయిటింగ్ రూమ్ మూడో కుర్చీ గారి సముఖానికి,

గురువారం నాలుగున్నర అపాయింట్‌మెంటు వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఉభయకుశలం అన్నది ఉత్తరం మర్యాద కోసం రాశాను. నేను కుశలంగానే ఉంటే మీ దగ్గరికి ఎందుకొస్తాను? మీరూ అంత కుశలంగా ఏం లేరు. మీ ఎడమ చేతి మీద రెగ్జిన్ చిరిగి లోపలి స్పాంజి కనిపిస్తోంది. నేను మొదటిసారి వచ్చినప్పుడు అది గోరంత చిరుగు. ఇప్పుడు బొటనవేలు దూరేంత అయింది. అందులో నా వాటా ఉంది, ఒప్పుకుంటాను. కానీ అంతా నా పనే కాదు. నేను రాని వారాల్లో కూడా అది పెరుగుతోంది. అంటే నాలాగే కూర్చుని గిల్లేవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట. వాళ్ళెవరో నాకు తెలియకూడదు. కొందరు తెలుసు. అదీ మీ పుణ్యమే.

ఆ గదిలో ఉన్నవే మూడు కుర్చీలు. మొదటిది రిసెప్షన్ బల్లకి ఆనుకుని ఉంటుంది. అక్కడ కూర్చుంటే వచ్చిన ప్రతి ఫోనూ మన గురించే అనిపిస్తుంది. రెండోదానికి ఒక కాలు పొట్టి. ఇక మిగిలింది తమరు. గాజు తలుపుకి సరిగ్గా ఎదురుగా, మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్ళే ప్రతివాళ్ళకీ కనపడేలా, అద్దాల వెనక బట్టల బొమ్మని నిలబెట్టినట్టు మనిషిని కూర్చోబెడతారు.

నా ఫిర్యాదు లోపలున్న కౌన్సెలర్ మేడం మీద కాదు. లోపల నేనేం చెప్పినా ఆవిడ నోరు విప్పకూడదు. వైద్యం చేసేవాళ్ళ నోటికి ఈ తాళం కొత్తదేం కాదు. రెండు వేల ఏళ్ళు దాటిన హిప్పోక్రటిస్ ప్రమాణంలోనే, చూసిందీ విన్నదీ బయటపెట్టనన్న మాట ఉంది. ఎప్పుడు ఆ తాళం తీయాల్సి వస్తుందో కూడా మేడం మొదటి రోజే చెప్పేసింది. ఎవరి ప్రాణం మీదికైనా వస్తే, పిల్లలకి హాని జరుగుతోందని తెలిస్తే, కోర్టు ఆదేశిస్తే. అవన్నీ రాసిన కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుంది. అసలు నేను వస్తున్నానన్న సంగతి కూడా ఆవిడ ఎవరికీ చెప్పకూడదు. చెప్పదు కూడా. చెప్పాల్సిన అవసరం ఏముంది? తమరున్నారుగా. తమరి చేత ఎవరూ ఏ ప్రమాణమూ చేయించలేదు.

అసలు మీ దాకా రావడానికి నేను పడ్డ పాట్లు మీకు తెలియవు. చిన్న ఊళ్ళో కౌన్సెలర్ కావాలంటే, కౌన్సెలర్ కావాలని ఎవరితోనో ఒకరితో అనాలి. ఎలా అనడం? అందరూ అనేటట్టే నేనూ అన్నాను: "నా ఫ్రెండ్ ఒకావిడకి రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదట, ఎవరైనా మంచివాళ్ళు తెలుసా?" పెద్ద నగరంలో అయితే ఈ మాట చెల్లుతుందేమో. నాకున్న ఫ్రెండ్స్ నలుగురు. ఆ నలుగురూ ఎవరో నేను అడిగిన పెద్దమనిషికి తెలుసు. ఆయన వేళ్ళ మీద లెక్కేసుకుని, వాళ్ళలో కాస్త బక్కగా ఉండే ఆవిడని ఎంచుకుని, భార్యతో సహా వెళ్ళి పరామర్శించి వచ్చాడు. ఆవిడ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు.

ఇంకొకాయన్ని "కౌన్సెలింగ్ ఎక్కడ చేస్తారండీ" అని అడిగితే "ర్యాంకెంత వచ్చింది, అబ్బాయా అమ్మాయా" అన్నాడు. మన భాషలో ఆ మాటకి అదే మొదటి అర్థం అయి కూర్చుంది, ఏం చేస్తాం.

తర్వాత సలహాలు మొదలయ్యాయి. ఒకాయన ఇన్సూరెన్స్ పాలసీలతో పాటు మనసుల్ని కూడా చూస్తాడట. ఒకావిడ వారాంతంలో రెండు రోజులు శిక్షణకి వెళ్ళొచ్చి సోమవారానికల్లా బోర్డు కట్టేసింది. వాళ్ళని పూర్తిగా తప్పు పట్టలేం. చాలా దేశాల్లో ఈ బోర్డు సంగతి అయోమయమే. బ్రిటన్‌నే తీసుకోండి. అక్కడ క్లినికల్ సైకాలజిస్ట్ అన్న పేరు పెట్టుకోవాలంటే చట్టం ఒప్పుకోవాలి. కౌన్సెలర్, సైకోథెరపిస్ట్ అన్న పేర్లకి మాత్రం అలాంటి చట్టపు కాపలా లేదు. సైకియాట్రిస్ట్ సంగతి వేరు. ఆయన ముందు డాక్టరు, మందులు రాస్తారు. ఈ తేడాలన్నీ నేను నేర్చుకున్నది ఎక్కడో కాదు, అర్ధరాత్రి పడుకోలేక ఫోన్ పట్టుకుని. నిద్ర పట్టనివాళ్ళకి ఇంత చదువు దొరుకుతుందని ఎవరూ చెప్పరు.

అందుకే మేడం గోడ మీద ఫ్రేములు కనపడగానే దగ్గరికెళ్ళి చదివాను. ఐదున్నాయి. నాలుగు రంగురంగులవి, పూల అంచులతో, "పాల్గొన్నందుకు" ఇచ్చినవి. ఐదోది అన్నిటికన్నా చిన్నది. తెల్ల కాగితం, ఒక నంబరు, ఎప్పటివరకు చెల్లుతుందో తేదీ. అద్దం మీద దుమ్ము. ఆవిడ నీళ్ళు తెచ్చుకోవడానికి లేచినప్పుడు ఆ నంబరు ఫొటో తీసుకుని, ఇంటికెళ్ళి లైసెన్సు ఇచ్చే బోర్డు వాళ్ళ రిజిస్టరులో వెతికాను. పేరుంది, తేదీ సరిపోయింది. తర్వాతి వారం దొంగలా ఒప్పుకున్నాను. "మొదటి రోజే అడగొచ్చుగా, ఇచ్చేదాన్ని" అంది. పెళ్ళి సంబంధానికి ఆరా తీసినట్టు తీయక్కర్లేదన్నమాట. మొహం మీద అడిగితే చాలట.

ఇక అసలు గొడవకి వస్తాను. తమరున్న గదికి గాజు తలుపు కాక లోపల ఇంకో రెండు తలుపులు. కుడిపక్కది మేడంది. ఎడమపక్కది పళ్ళ డాక్టరుది. అద్దె కలిసొస్తుందని ఇద్దరూ కలిసి ఒకే వెయిటింగ్ రూమ్, ఒకే రిసెప్షనిస్టుని పెట్టుకున్నారు. ఆ పుణ్యాత్ముడు పక్కనుండబట్టే నేను మీ ఒళ్ళో కూర్చునే ధైర్యం చేశాను. గాజు తలుపులోంచి తెలిసినవాళ్ళు చూడగానే చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్ళిపోతుంది. నా ఎదురుగా కూర్చునే ఆయన చెయ్యి కూడా. మా ఊళ్ళో ఇంతమందికి పంటి నొప్పి ఉందని మీ దగ్గరికొచ్చాకే తెలిసింది. నిజంగా పన్ను వాచినవాడు మాత్రం మహారాజులా కూర్చుంటాడు. సాక్ష్యం మొహం మీదే ఉందిగా.

కానీ మనిషికి పళ్ళు ముప్ఫై రెండే. నేను వెళ్ళేది వారం వారం. ఎనిమిదో వారానికి మా పిన్ని ఫోన్ చేసి, "ఇంకా ఎన్ని మిగిలాయే నీకు? నన్ను చూడు, పదేళ్ళ కిందటే అన్నీ పీకించేసి సెట్టు కట్టించుకున్నాను, ప్రాణం హాయిగా ఉంది" అంది.

మీ వంశం ఇలాంటిది కాదు సుమా. మీ పూర్వీకుల గురించి చదివాను. వియన్నాలో బెర్గ్‌గాసె 19 నంబరు ఇంట్లో మాట్లాడించి మనసుకి వైద్యం చేసిన డాక్టరు ఫ్రాయిడ్ 1891 నుంచి 1938 దాకా ఉన్నాడు. అక్కడ పేషెంట్లు వెయిటింగ్ రూమ్ మీదుగా కాకుండా, ఎవరి కంటా పడకుండా బయటికి వెళ్ళిపోయేలా వేరే తలుపు ఉండేదట. గోడకీ దానికీ ఒకే కాగితం అంటించి, తలుపు ఉందన్న సంగతే తెలియకుండా చేశారు. అప్పటికే ఆ బుద్ధి ఉంది వాళ్ళకి. మాకేమో గాజు తలుపు! ఆ వెయిటింగ్ రూమ్‌కి ఉన్న గౌరవం కూడా అంతా ఇంతా కాదు. 1902 నుంచి బుధవారం సాయంత్రాలు ఫ్రాయిడ్ శిష్యులు అందులోనే కూర్చుని చుట్టలు కాలుస్తూ మనుషుల మనసుల గురించి చర్చించేవాళ్ళు. 1938లో నాజీల బారి నుంచి ఆయన లండన్ వెళ్ళిపోయాడు. పేషెంట్లు పడుకున్న ఆ సోఫా ఇప్పటికీ లండన్‌లోనే ఉంది. 1971లో వియన్నా ఇంటిని మ్యూజియం చేసినప్పుడు మాత్రం కూతురు అనా ఫ్రాయిడ్ వెయిటింగ్ రూమ్ సామాన్లు అక్కడికి ఇచ్చింది. చూశారా, మీ జాతి కుర్చీలకి మ్యూజియంలో చోటు దొరికింది. తమరు కనీసం గోడవైపు తిరగలేకపోయారు.

మేడంకి కూడా సుఖం లేదు, పాపం. ఆవిడ కొడుకూ మా అమ్మాయీ ఒకే క్లాసు. మామూలుగా అయితే ఇలాంటి రెండు రకాల పరిచయాలు పెట్టుకోకూడదంటారు. కానీ చుట్టుపక్కల లైసెన్సు ఉన్నది ఆవిడ ఒక్కతే. తెలిసినవాళ్ళని చూడనంటే ఆవిడ ఎవర్నీ చూడలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి కూడా హాని జరిగే అవకాశం లేకపోతే ఇలాంటి పరిచయాలన్నీ తప్పు కాదనే అంటుంది. అందుకని మొదట్లోనే ఒప్పందం చేసుకున్నాం. "బయట కనిపిస్తే నేను ముందుగా పలకరించను. మీరు పలకరిస్తే పలకరిస్తాను" అంది. ఎంత సంస్కారం! మర్నాడు స్కూలు గేటు దగ్గర ఎదురుపడ్డాం. ఆవిడ మాటిచ్చినట్టే నాలోంచి వెనక గోడని చూసింది. నేను చెప్పుల వంక చూసుకున్నాను. రెండు నిమిషాల్లో పక్కింటావిడ వచ్చి చెవిలో అడిగింది: "మీ ఇద్దరికీ ఏమైనా గొడవా?"

ఆ తర్వాత రోజు నవ్వి పలకరించాను. "మీ ఇద్దరికీ ఎలా పరిచయం?" అని పక్కింటావిడే అడిగింది. పన్ను అనబోయి ఆగిపోయాను.

వీడియోలో చేసుకోవచ్చుగా అంటారు. చేశాను. అందులో ఊరికి దూరంగా ఉన్నవాళ్ళనీ చూడొచ్చు, మనం కూర్చున్న చోట వాళ్ళ లైసెన్సు చెల్లాలి, అంతే. తమరి అవసరం ఉండదు కదా అని సంబరపడ్డాను. మా ఇంట్లో గోడలకి కాదు, తలుపులకే చెవులున్నాయి. అందుకని కారులో కూర్చుని మాట్లాడాను. సరిగ్గా ఏడుపొచ్చే చోట ఎవరో అద్దం కొట్టారు. "బండి స్టార్ట్ అవ్వట్లేదా అమ్మా? తోయమంటావా?" నలుగురు పోగయ్యారు. మంచివాళ్ళు. తోసేదాకా వదల్లేదు.

యంత్రంతో మాట్లాడుకున్నా ఇదే బాధేనట. 1960ల్లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాడు. మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నలా అడుగుతుంది, అంతకు మించి దానికేం తెలియదు. ఆ సంగతి ఆయన సెక్రటరీకి బాగా తెలుసు. అయినా దానితో నాలుగు మాటలు మాట్లాడగానే, కాస్త గదిలోంచి బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. నేను ఆవిడని చాలాసార్లు తలుచుకుంటాను. ఆవిడ గదిలో అడిగితే లేచి వెళ్ళిపోయే మనిషి ఉన్నాడు. తమర్ని ఎవరు లేపాలి?

పోయిన గురువారం రిసెప్షన్‌లో కొత్తమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, గొంతు గంటలా ఉంది. నేను మీలో పూర్తిగా కూర్చోకముందే, "మేడం, మీకు పన్నా, కౌన్సెలింగా?" అంది. గాజు తలుపు తెరిచే ఉంది. మెట్ల మీద మా అమ్మాయి క్లాస్ టీచర్.

"పన్ను," అన్నాను.

లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. లేచి నిజం చెబుదామనుకునే లోపల లైటు వెలిగింది, నోట్లో అద్దం ఉంది. నోట్లో అద్దం పెట్టాక మనిషి ఏం చెప్పగలడు? డాక్టరు చాలాసేపు చూసి, కింద కుడివైపు రెండు పళ్ళు లోపల బాగా పుచ్చిపోయాయన్నాడు. "ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అని అడిగితే అలవాటు కొద్దీ "పదకొండు వారాలండీ" అనేశాను. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా!" అని కోప్పడ్డాడు. గోడకి అవతల మేడం నా కోసం ఎదురు చూస్తూనే ఉంది. చెప్పకుండా మానేస్తే ఆ రోజు ఫీజు కట్టాలన్న కాగితం మీద కూడా నేను సంతకం పెట్టాను. రెండు పక్కలా కట్టాను.

మంగళవారం రూట్ కెనాల్. ఆ మాట చెప్పడానికి నిన్న నేనే పిన్నికి ఫోన్ చేశాను. మొదటిసారి నిజం చెప్తున్నాను కదా, గొంతు కూడా గట్టిగానే వచ్చింది. "పిన్నీ, మంగళవారం పన్నుకి వెళ్తున్నాను."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "మంచి పని చేస్తున్నావు. మధ్యలో మానెయ్యకు" అంది. నేను ఏదో చెప్పబోయే లోపల తనే, "అక్కడ ఆ చివరి కుర్చీ చెయ్యి కుట్టించమని చెప్పవే. మొన్న నా గాజు ఆ చిరుగులో ఇరుక్కుని ఎంతకీ రాలేదు" అంది.

"నువ్వెందుకు వెళ్ళావు పిన్నీ?"

"నేనా? పన్నుకే."

కాబట్టి తమరు దయచేసి ఆ చెయ్యి కుట్టించుకోవలసిందిగా ప్రార్థన. గోడవైపు తిరిగే విషయం తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
మంగళవారం పదిన్నర (నిజంగా పన్నే)