పని ఎండలో, సలహా ఏసీలో

'మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు అత్యవసరమైతే తప్ప బయటకు రావద్దు.' ఈ వేసవిలోనూ సర్కారుది అదే ప్రకటన, అవే మండలాల జాబితాలు. సరే, రాకూడదు. మరి ఆ నాలుగు గంటల్లో గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుతున్నదెవరు? బెజవాడలో కాలువల పూడిక తీస్తున్నదెవరు? ఒక చేత్తో హెచ్చరిక పంపి, మరో చేత్తో హాజరు వేయించుకుంటారా? యార్డును నడిపే కమిటీ, కాంట్రాక్టు ఇచ్చే కార్పొరేషన్ సర్కారువి కావా?

వడదెబ్బంటే కళ్లు తిరిగి పడిపోవడమనే మనలో చాలామంది అనుకుంటాం. అంతకుముందే ఒళ్లు చెబుతుంది: విపరీతమైన చెమట, తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం. అప్పుడే నీడకు చేర్చి ఓఆర్ఎస్ తాగిస్తే చాలావరకు తేరుకుంటారు. ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి మెదడు మీద దెబ్బ పడితేనే ప్రాణం మీదకొస్తుంది. మాట ముద్దగా వస్తుంది. ఒకటడిగితే ఒకటి చెబుతారు. 40 కిలోల బరువు వీపున వేసుకుని, ఘాటుకు మూతికి తువ్వాలు చుట్టుకున్న హమాలీ అలా తూలితే, పొద్దున్నే పుచ్చుకొచ్చాడనుకుంటారు. ఓ మూల పడుకోబెట్టి పనిలో పడతారు. చేజారేది ఆ కాసేపే. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడం మరో పొరపాటు. ఒళ్లొంచి పనిచేసేవారికి చెమట కారుతుండగానే తగులుతుంది.

ఈ జ్వరానికి పారాసెటమాల్ పనిచేయదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఒళ్లంతా తడిపి, విసురుతూ, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టాలి. 108కు ఫోన్ చేసి చేతులు కట్టుకుని కూర్చోకూడదు, బండి వచ్చేలోగానే చల్లబరచడం మొదలవ్వాలి. మిరపకాయ పాడవకుండా ఇన్ని కోల్డ్ స్టోరేజీలు కట్టుకున్న ఊళ్లో మనిషి కోసం ఓ ఐసు గడ్డ దొరకదా?

సరుకు పేరుకుపోతుందని వ్యాపారులు, గడువు మించుతుందని కాంట్రాక్టర్లు అంటారు. వారి ఇబ్బంది వారిది. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేలోగా ఆపి, సాయంత్రం మళ్లీ ఎత్తుకుంటే కొంప మునగదు. ఆ మాట చెప్పాల్సిన సర్కారు మాత్రం చలివేంద్రానికి రిబ్బను కత్తిరించి సరిపెట్టుకుంటోంది.

ఇంట్లో ఉండమనడమూ అందరికీ పనికొచ్చే సలహా కాదు. విజయవాడ కొండల మీది రేకుల ఇళ్లలో రాత్రయినా వేడి దిగదు. ఇక్కడి ఉక్కపోతకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. బీపీ మాత్రలు వేసుకునే ముసలివాళ్లు గడప దాటకుండానే వడదెబ్బకు గురవుతారు.

2015 వేసవి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. అది కూడా లెక్కకెక్కినంత వరకే. ఎండకు పోయారని తేలాలంటే తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ముగ్గురూ ఒప్పుకోవాలి. పోస్టుమార్టం వద్దని కుటుంబం కాళ్లావేళ్లా పడితే అది 'గుండెపోటు'. లెక్కలో లేని చావుకు జవాబుదారీ ఎవరు? ఎవరూ కాదు. అందుకే పనివేళలూ మారవు.

యార్డులో, కార్పొరేషన్ పనుల్లో మధ్యాహ్నం పని ఆపాలని, ఆ గంటల కూలి కోయకూడదని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. అది చేతకాకపోతే 'బయటకు రావద్దు' అనే ఎస్సెమ్మెస్‌లు కట్టిపెట్టండి. మీ పని చేస్తూనే ఎండలో ఉన్న మనిషికి ఆ సందేశం పంపడానికి సిగ్గుండాలి.