శ్రీబాగ్ సాక్షిగా నిశ్చితార్థం

ఉచిత ఉపన్యాసాలకు మా బెజవాడలో జనం బాగానే వస్తారు. వినడానికి వచ్చినవాళ్లెవరో కనిపెట్టడమే కష్టం. మొదటి వరుసలో శాలువాలు కప్పించుకునేవాళ్లు, రెండో వరుసలో కప్పేవాళ్లు. ఫ్యాన్ల కింద కుర్చీలు పదింటికల్లా నిండిపోతాయి. ఆఖరి వరుసకు టీ, సమోసాలు దగ్గర కాబట్టి నేను అక్కడుంటాను. ఇక ప్రతి సభకూ ఒక ‘చిన్న ప్రశ్న’ మాస్టారుంటారు. ఆయన చిన్న ప్రశ్న ఉపన్యాసం కంటే పెద్దది.

మొన్న ఆదివారం విషయం శ్రీబాగ్ ఒడంబడిక. మా సభ పై హాల్లో, కింది హాల్లో ఎవరిదో నిశ్చితార్థం. రెండింటికీ సౌండ్ పెట్టింది ఒకే కుర్రాడు. రెండు కార్డ్‌లెస్ మైకులనూ ఒకే ఫ్రీక్వెన్సీలో పెట్టేసి టిఫినుకు వెళ్లిపోయాడు.

వక్త రిటైరైన చరిత్ర లెక్చరర్. కంచు కంఠం. “1937 నవంబర్ 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారింట్లో, కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ కూర్చుని రాసుకున్నారండీ ఇది. ఆ ఇంటి పేరే శ్రీబాగ్” అని అందుకున్నారు. మాకు బ్రహ్మాండంగా వినపడింది. కింద ఇంకా బ్రహ్మాండంగా వినపడుతోందని మాకేం తెలుసు!

అక్కడ మగపెళ్లివారిది తెనాలి, ఆడపెళ్లివారిది నంద్యాల. పంతులుగారు లగ్నపత్రిక విప్పేసరికి స్పీకర్లోంచి మా వక్త గొంతు: “రాసుకున్నారు సరే, అమలు మాటేమిటి? కోస్తావారి మాట నమ్మొచ్చా అని సీమవారికి మొదట్నుంచీ అనుమానమే!”

పిల్ల పెదనాన్న తాంబూలం పళ్లెం ఎత్తబోయి ఆగిపోయాడట.

“రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండకూడదు. అందులో ఏది కావాలో కోరుకునే హక్కు సీమవారిది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో పదేళ్లపాటు ముందు వాటా సీమకూ నెల్లూరుకూ!”

“ఇవన్నీ ముందే మాట్లాడుకోవద్దూ? అయినా మధ్యలో ఈ నెల్లూరు సంబంధం ఎక్కడిది?” అని పిల్లాడి మేనత్త లేచిందట. ఇదంతా తర్వాత పప్పన్నంలో నెయ్యి వేయించుకుంటూ నా పక్కాయన చెప్పాడు. బంతిలోకి నేనెలా చేరానంటారా, వస్తున్నా.

పైన మావాడు 1953 అక్టోబర్ 1కి వచ్చేశాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు. కర్నూల్లో భవనాలు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిపారు. “టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం 1954 నవంబర్లో మద్యనిషేధం గొడవ మీద, ఒకే ఒక్క ఓటు తేడాతో...” అంటుండగా మా స్పీకర్లోంచి ఓ ఆడగొంతు:

“మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు. మగపెళ్లివారు మొదటి బంతికి లేవాలి. పూతరేకులు తక్కువున్నాయి!”

ప్రభుత్వం ఎలా పడిందో వినకుండానే మా సభలో సగం లేచింది. ఫ్యాన్ల కిందివాళ్లే ముందు మెట్లు దిగారు. శాలువాల వరుస కాస్త మొహమాటపడి, వాళ్ల వెనకే దిగింది.

నేను తిని పైకి వచ్చేసరికి వేదిక మీద ఓ పెద్దాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. పెళ్లికూతురి తాతగారట. పోట్లాడదామని వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి పావుగంట విని, నేరుగా మైకు అందుకున్నారు. “నాదొక చిన్న ప్రశ్న” అన్నారు. మా మాస్టారి మొహం వాడిపోయింది. పాతికేళ్ల సర్వీసులో ఆయనకు పోటీ రావడం ఇదే మొదలు.

పెద్దాయన కేసీ కాలువ దగ్గర మొదలుపెట్టి తుంగభద్ర దాకా వెళ్లారు. కార్యదర్శి వందన సమర్పణ కాగితం మూడుసార్లు మడిచి మూడుసార్లు విప్పాడు. ఈలోగా పట్టుచీర కుచ్చెళ్లు పట్టుకుని పెళ్లికూతురే మెట్లెక్కి వచ్చింది.

“జేజినాయనా, అందరూ పెట్టేసినారు. లగ్నపత్రిక మీద నీ సంతకమొక్కటే తక్కువ.”

“ఉండు మా, నీళ్ల సంగతి తేలనీ” అన్నారాయన, మైకులోనే.