సింగపూర్ వెళ్లే నెల్లూరోళ్లకు ఒక మాట: ఆ టికెట్ కొనబాకండి

మా నెల్లూరులో ఈమధ్య సింగపూర్ ప్యాకేజీ అంటే తిరుపతి వెళ్లొచ్చినంత తేలికైపోయింది. చెన్నై దాకా కారు, అక్కణ్నుంచి నాలుగు గంటల విమానం. సంతోషమే. నా బాధంతా ట్రావెల్స్ వాళ్లు వాట్సాప్‌లో పంపే ప్లాన్ మీద. మెర్‌లయన్ అనే సింహం తల, చేప ఒంటి బొమ్మ దగ్గర ఫొటో, మెరీనా బే శాండ్స్ హోటల్ పైకి టికెట్, ఫ్లయర్ అనే జెయింట్ వీల్‌లో ఒక చుట్టు, ముస్తఫా అనే పెద్ద అంగట్లో షాపింగ్. ఎవరి కాగితం చూసినా ఇదే.

మెరీనా బే శాండ్స్ 2010లో తెరిచారు. 55 అంతస్తుల టవర్లు మూడు, వాటి నెత్తిన ఓడ ఆకారంలో స్కైపార్క్. మోషే సఫ్దీ డిజైన్. కట్టడం గొప్పదే, కాదనను. కానీ ఫొటోల్లో అందరూ మోజుపడే ఆ పైనున్న ఈతకొలను హోటల్లో దిగినవాళ్లకే. మా బ్యాచ్‌లో ఒకాయన కొత్త నిక్కరు, తువ్వాలు బ్యాగులో పెట్టుకుని మరీ లిఫ్టెక్కాడు. పైన ఆపేశారు. పాపం, మొహం మాడిపోయింది. మన టికెట్‌కు దక్కేది నిలబడి చూసే చోటు మాత్రమే. మనిషికి రెండు వేల పైమాటే. నలుగురున్న ఇంటికి ఎంతవుతుందో లెక్కేసుకోండి.

అసలు ఒళ్లు మండేది ఇక్కడ. ఆ స్కైపార్క్ ఎత్తు దాదాపు 200 మీటర్లు. నీళ్లకు అవతలి గట్టున, రాఫెల్స్ ప్లేస్‌లో కాపిటాస్ప్రింగ్ అనే ఆఫీసు భవనం 280 మీటర్లు. దాని 51వ అంతస్తులో తోట ఉంది, మొక్కల మధ్య నడుస్తూ ఊరంతా చూడొచ్చు. పైసా టికెట్ లేదు. వేళలు చూసుకుని వెళ్తే చాలు. ఈ సంగతి ఏ ఏజెంటైనా చెప్పాడా? కమీషన్ రాని చోటు గురించి ఎందుకు చెప్తాడు!

అన్నట్టు, రాఫెల్స్ ప్లేస్‌లో పెద్ద టవర్లన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఆగిపోయి కనిపిస్తాయి. డబ్బుల్లేక కాదు. పాయా లేబార్ వైమానిక స్థావరం విమానాలకు అడ్డం రాకూడదని అక్కడ చాన్నాళ్లు 280 మీటర్ల హద్దు పెట్టారు.

నన్నడిగితే ఆ ఊళ్లో చూసి తీరాల్సిన ఆకాశహర్మ్యం హోటలూ కాదు, బ్యాంకూ కాదు. డక్స్‌టన్‌లోని పినాకిల్. 50 అంతస్తుల బ్లాకులు ఏడు, 1,848 ఫ్లాట్లు, 26వ అంతస్తులో, 50వ అంతస్తులో బ్లాకులన్నిటినీ కలుపుతూ వంతెనలు. 2009లో పూర్తయింది. ఇవి సర్కారు ఇళ్లు! మనకు టిడ్కో ఇళ్లంటే జీ ప్లస్ త్రీ, ఊరి చివర, బస్సు దిగి మళ్లీ ఆటో. వాళ్లు బ్యాంకుల టవర్లకు కూతవేటు దూరంలో, నగరం నడిబొడ్డున కట్టారు. మామూలు ఉద్యోగి 40వ అంతస్తులో నుంచి ఓడరేవు చూస్తూ కాఫీ తాగుతాడు. 50వ అంతస్తు వంతెన మీదికి బయటివాళ్లను కూడా కొద్ది డాలర్లకే పంపిస్తారు. మా ఏజెంటును అడిగితే ఏమన్నాడో తెలుసా? “ఆడేముంది సార్, అపార్ట్‌మెంట్లేగా!”

ఇంకోటి మెరీనా బ్యారేజీ. పెన్న ఒడ్డున పుట్టినోళ్లకు బ్యారేజీ గురించి చెప్పేదేముంది అనుకోవచ్చు. అయినా చూడండి. టవర్ల ముందు అంతా ఫొటోలు దిగేది సముద్రం ముందు కాదు, మంచినీళ్ల చెరువు ముందు. 2008లో 350 మీటర్ల వెడల్పు కాలువకు అడ్డంగా ఈ బ్యారేజీ కట్టి, ఉప్పునీళ్లు లోపలికి రాకుండా ఆపేశారు. గట్టి వాన పడినప్పుడు సముద్రం పాటు మీద, అంటే వెనక్కి తగ్గి ఉంటే గేట్లు కిందికి వాల్చి వరద నీళ్లు వదిలేస్తారు. పోటు మీద ఉంటే గేట్లు వాల్చే వీల్లేదు, అందుకని పెద్ద పంపులతో సముద్రంలోకి తోడేస్తారు. 2021 నవంబరులో పెన్న వరద చూసినవాడెవడైనా ఆ పంపుల దగ్గర ఓ పది నిమిషాలు నిలబడిపోతాడు. పైకప్పు మీద పచ్చిక, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు, టవర్లన్నీ ఎదురుగానే. దీనికీ టికెట్ లేదు.

దసరాకు బయల్దేరేవాళ్లు ఏజెంటుతో కచ్చితంగా మాట్లాడుకోండి: టవర్ టికెట్ తీసేసి ఆ పూట ఖాళీగా వదలమనండి. కాపిటాస్ప్రింగ్‌కు రాఫెల్స్ ప్లేస్ స్టేషన్లో దిగాలి. పినాకిల్‌కు ఊట్రమ్ పార్క్ స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. బ్యారేజీకి మాత్రం సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లండి, పైన నీడ తక్కువ.