పక్కవాళ్ళ కాగితం మీద ఏం రాయాలి?

డాలస్‌లో మా ఆదివారం తెలుగు క్లాసు పిల్లల్లో ఒకరు రాసింది ఇంకొకరు చదివి అభిప్రాయం రాయాలని మొదలుపెట్టినప్పుడు, మొదటి నెలంతా వచ్చినవి రెండే రకాలు. ఒకటి ‘చాలా బాగుంది’, పక్కన నవ్వు మొహం బొమ్మ. రెండోది ఒత్తుల చుట్టూ, దీర్ఘాల చుట్టూ ఎర్ర సున్నాలు. పియర్ రివ్యూ, అంటే ఇలా ఒకరిది ఒకరు చదివి చెప్పుకోవడం, వీళ్ళకి కొత్తేం కాదు, స్కూల్లో గూగుల్ డాక్స్‌లో కామెంట్లు పెట్టుకుంటూనే ఉంటారు, కానీ తెలుగు అనేసరికి దిద్దడమంటే ల, ళ చూడడమే అనుకుంటున్నారు. అది మన నుంచే వచ్చిందని నా నమ్మకం. మన బళ్ళలో డిక్టేషన్ అయ్యాక పుస్తకాలు మార్చుకుని, బోర్డు మీద జవాబు చూసి, పదికి ఎన్నో వేసి ఇచ్చేసేవాళ్ళం. పక్కవాడు ఏం రాశాడో చదివిందెప్పుడు?

మొన్న ఫిబ్రవరిలో జరిగింది చెప్తాను. ఒక పాప వాళ్ళ తాతగారి పెరడు గురించి రాసింది. వాళ్ళది శ్రీకాకుళం వైపు. పందిరి నిండా ఆనపకాయలు ఉండేవని రాస్తే, చదివిన గుంటూరు వాళ్ళ అబ్బాయి ఆ మాట కొట్టేసి పైన ‘సొరకాయ’ అని దిద్దాడు. పాప మొహం చిన్నబోయింది. అది తప్పని నీకెలా తెలుసు నాన్నా అని అడిగాను. “మా ఇంట్లో అలా అనరు” అన్నాడు. అయితే అదే రాయి అన్నాను. ‘మా ఇంట్లో సొరకాయ అంటాం, రెండూ ఒకటేనా?’ అని రాశాడు. ఇక అరగంట క్లాసంతా ఆ కాయ మీదే, కరీంనగర్ వాళ్ళ అమ్మాయి మా నానమ్మ ఆనిగెపుకాయ అంటుందని చెప్పింది, ఇంకొకడు ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు. పాప తర్వాతి వారం తెచ్చిన కాగితంలో ఆనపకాయ అలాగే ఉంది, కానీ ఈసారి తాతగారు కాయని గోటితో గిచ్చి లేతదో ముదురుదో చూసేవారని కూడా ఉంది. ఆ వాక్యం నేను చెప్తే వచ్చేది కాదు.

నాకు ఇంకా సంతోషం వేసింది ఆ అబ్బాయిని చూసి. తను రాసిందాంట్లో ‘అరుగు’ అన్న మాట దగ్గర తనే ఆగి, ఇక్కడ పుట్టినవాళ్ళకి ఇది తెలుస్తుందా అని అడిగాడు. పక్కవాళ్ళది శ్రద్ధగా చదివినవాడికి తన వాక్యం కూడా బయటి నుంచి కనిపిస్తుంది. అందుకే అభిప్రాయం పుచ్చుకున్నవాళ్ళ కంటే ఇచ్చినవాళ్ళకే ఎక్కువ లాభమని నేను గట్టిగా అంటాను.

ఇప్పుడు మేం తీర్పులు రాయనివ్వడం లేదు. ఎక్కడ ఆగిపోయావో, ఏం ఇంకా తెలుసుకోవాలని ఉందో మాత్రమే రాయమంటున్నాం. చదివినవాళ్ళు మాట్లాడుతుంటే రాసినవాళ్ళు ఐదు నిమిషాలు నోరు మెదపకూడదు. 1936లో అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రచయితల వర్క్‌షాపు ఈ పద్ధతికి పేరుపడింది. అక్కడ పెద్దవాళ్ళకే కష్టమైంది, పిల్లలకి ఇంకా కష్టం, ‘అది కాదు, నా ఉద్దేశం’ అని వెంటనే అనేస్తారు. ఆ ఉద్దేశం కాగితం మీద లేదని వాళ్ళకి తెలిసేది ఆ ఐదు నిమిషాల్లోనే.

తల్లిదండ్రులకి ఒక్క మనవి. శనివారం రాత్రి కూర్చుని మీరే దిద్దేసి, కొన్నిసార్లు మీరే రాసేసి పంపుతున్నారు. ప్రేమతోనే చేస్తున్నారని తెలుసు. కానీ అలాంటి కాగితం చేతికిస్తే పక్క పిల్లకి అడగడానికి ఏమీ మిగలడం లేదు, రాసిన పిల్లకి అది తనది అనిపించడం లేదు. వచ్చే వారం అంశం ‘మా ఇంట్లో ఆదివారం’. తప్పులుంటే ఉండనివ్వండి, అలాగే పంపండి.