సెట్ గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ సెట్ గారికి,

నమస్కారములతో వ్రాయునది. ఈ సాయంత్రం మా వీధి తలుపు దగ్గర తమ పేరు మరోసారి వినబడింది. భోజనాల వేళకు వస్తానన్న గుత్తేదారు మనిషి దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. తలుపును భుజంతో ఒకసారి నెట్టాడు, కాలితో ఒకసారి తన్నాడు, కింది అంచు ఎక్కడ రాసుకుంటోందో తల వంచి చూశాడు. చిత్రిక పడతాడు కాబోలని నేను పాత పేపర్లు పరిచి సిద్ధంగా ఉన్నాను. ఆయన చేతులు దులుపుకొని, "వానలకి చెక్క ఉబ్బింది సార్, ఎండలొస్తే అదే సెట్ అవుద్ది" అని సెలవిచ్చి బండెక్కి వెళ్లిపోయాడు. ఎండాకాలంలో ఇదే తలుపుకూ ద్వారబంధానికీ మధ్య బల్లి దూరేంత సందు పడినప్పుడు ఇదే మనిషి, "ఎండలకి చెక్క బిగుసుకుంది సార్, నాలుగు వానలు పడితే అదే సెట్ అవుద్ది" అన్న సంగతి తమకు గుర్తుండే ఉంటుంది. ఆ వాక్యంలోనూ తమరు ఉన్నారు కదా. చెక్క తేమ పీల్చి ఉబ్బడమూ, ఆరి కుంచించుకుపోవడమూ సహజమేనని ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్కన మా తలుపు సవ్యంగా పడేది ఏటా రెండు కాలాల సంధిలో వచ్చే కొద్దిపాటి రోజుల్లోనే, ఆ రోజుల్లో దొంగలు కూడా బహుశా సెలవులోనే ఉంటారు.

తమ ఘనత తెలియక వ్రాస్తున్నానని అనుకోవద్దు. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండో కూర్పులో తమకు 430 అర్థాలు ఇచ్చారనీ, వాటిని వివరించడానికి దాదాపు 60,000 మాటలు పట్టాయనీ గిన్నిస్ వారు నమోదు చేశారు. మూడు ఆంగ్లాక్షరాల ఒంటి మీద అది ఒక నవలంత బరువు. పైకి ఒక్కరుగా కనిపించే తమరు నిజానికి ఇద్దరని కూడా విన్నాను: కూర్చోబెట్టడం, ఉంచడం అనే పనులు చేసేవారు పాత ఆంగ్లంలోని 'సెట్టన్' సంతతి, గుంపు, జత అని చెప్పుకొని తిరిగేవారు లాటిన్ 'సెక్టా' నుంచి పాత ఫ్రెంచి మీదుగా దిగినవారు. ఇద్దరూ ఒకే ఆధార్ కార్డు మీద శతాబ్దాలుగా నెట్టుకొస్తున్నారు. రాబోయే మూడో కూర్పులో 'రన్' అనే క్రియ 645 అర్థాలతో తమను దాటిపోయిందని 2011లో పత్రికలు వ్రాసినప్పుడు తమరు నొచ్చుకొనే ఉంటారు. ఆ లెక్క కట్టినవారు తెలుగు రాష్ట్రాల వైపు ఒకసారి వచ్చి ఉంటే తమ కిరీటం తమకే ఉండేది.

ఇక్కడ తమరు లేని చోటు ఏది? పొద్దున్నే కర్ణాటక నుంచి వచ్చిన సెట్ దోసెగా పళ్లెంలో ఉంటారు, పెళ్లిలో నగల సెట్‌గా మెడలో ఉంటారు, హాలులో సోఫాగా, పొలంలో పంపుసెట్‌గా, 2013 మార్చి 31 గడువుగా హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ కేబులు కనెక్షన్ల మీదికి వచ్చిపడిన సెట్ టాప్ బాక్సుగా ఉంటారు. ఏ కార్యాలయానికి వెళ్లినా జిరాక్సులు మూడు సెట్లు అడుగుతారు. ఒక సెట్ ఫైలులోకి, ఒక సెట్ పై అధికారికి వెళ్తాయి, మూడోది ఎందుకో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఎంసెట్‌లోని సెట్ స్పెల్లింగు ప్రకారం తమరు కాదు, నిజమే. అయినా 2021లో ఆంధ్రప్రదేశ్‌లో, 2024లో తెలంగాణలో ఆ పరీక్షకు ఈఏపీసెట్ అని పేరు మార్చినా మా ఇళ్లలో అది ఎంసెట్‌గానే మిగిలింది, "ర్యాంకొస్తే లైఫ్ సెట్" అన్న మాటా అలాగే మిగిలింది. ర్యాంకు వచ్చాక ఉద్యోగం వస్తే సెట్ అన్నారు, ఉద్యోగం వచ్చాక వీసా వస్తే సెట్ అన్నారు. ఇప్పుడు డాలస్‌లో కూర్చున్న మా వాడు గ్రీన్ కార్డు వస్తే సెట్ అంటున్నాడు. తమ దగ్గరి చుట్టం సెటిల్‌మెంటు మా భూముల మీద చేసే పనుల గురించి విడిగా మరో లేఖ వ్రాసుకుంటాను.

సినిమా సెట్ మీద మాత్రం, అడక్కపోయినా చెబుతున్నాను, నాకు అభిమానమే. ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, థర్మకోల్ పెట్టి గుళ్లూ గోపురాలూ కోటలూ నిలబెడతారు, షూటింగు కాగానే విప్పేస్తారు. అది నిజమని అక్కడ ఎవరూ ఎవరికీ ప్రమాణం చేయరు.

తమరు కట్టుబాటు ఎరుగని వారూ కాదు, అదే నా బాధ. గణితంలో తమను సమితి అంటాం. జార్జ్ కాంటర్ తమకు ఒక శాస్త్రాన్నే కట్టబెట్టాడు. మా బడిలో ఆ పాఠం మొదట్లోనే, సమితి అంటే సునిర్వచిత వస్తువుల సముదాయం అని మాస్టారు బల్ల గుద్ది చెప్పేవారు. ఒక వస్తువు అందులో ఉందో లేదో ఖచ్చితంగా చెప్పగలగాలి. మూడు కంటె చిన్నవైన సహజసంఖ్యలు సమితి అవుతాయి గాని, పొడుగాటి పిల్లలు సమితి కారు, ఎందుకంటే ఎంత ఉంటే పొడుగో ఎవరూ చెప్పలేదు. టెన్నిసులోనూ అంతే, ఆరు గేములు గెలవాలి, రెండు గేముల తేడా ఉండాలి. 2010లో వింబుల్డన్‌లో ఇస్నర్, మహు ఆడిన చివరి సెట్ 70-68 దాకా సాగింది. 2019 నుంచి అక్కడ చివరి సెట్‌కు కూడా టైబ్రేక్ పెట్టి హద్దు గీశారు.

అన్నిటికంటె నిక్కచ్చి సిమెంటు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటులో నీళ్లు కలిపాక 30 నిమిషాలలోపు అది సెట్ కావడం మొదలు కాకూడదు, 600 నిమిషాలు దాటకుండా ఆ పని పూర్తి కావాలి అని మన దేశపు ప్రమాణం. ముందే బిగిస్తే మేస్త్రీ తాపీ ఆడించలేడు, ఆలస్యమైతే పైపని సాగదు. నోటిమాటగా ఒప్పుకోరు కూడా: వికాట్ పరికరం అని ఒకటుంది, దాని సూదిని ముద్దలోకి దించి, ఎంత లోతు దిగిందో కొలిచి, అప్పుడు సెట్ అయిందని వ్రాస్తారు. ఆ సిమెంటుతో ఇల్లు కట్టిన గుత్తేదారుకే తలుపు దగ్గరికి వచ్చేసరికి నిమిషాలు కాస్తా ఋతువులైపోయాయి. అతని మాటలోకి దించడానికి అలాంటి సూది ఒకటి ఏ ప్రయోగశాలలోనైనా దొరుకుతుందా, దయచేసి తెలియజేయగలరు.

నా అభ్యంతరమంతా ఆ 'అదే' మీద. అదే సెట్ అవుద్ది. తెలంగాణలో అదే సెట్ అయితది. చిత్రిక పట్టాలంటే పట్టేవాడు కావాలి, కీళ్లు మార్చాలంటే మార్చేవాడు కావాలి, ఎప్పుడు వస్తావని అతన్ని అడగవచ్చు, రాకపోతే ఫోను చేసి తిట్టవచ్చు. సెట్ అవడానికి ఎవరూ అక్కర్లేదు. చెడగొట్టినవాడు తప్పుకుంటాడు, బాగుచేయవలసినవాడు తప్పుకుంటాడు, వాక్యంలో తలుపు ఒక్కటే మిగులుతుంది, తన రోగానికి తానే వైద్యం చేసుకోవలసినదిగా. చెప్పుల కొట్టులో మడమ ఒరుసుకుపోతోందంటే "నాలుగు రోజులు వేస్తే సెట్ అవుతాయండి" అంటారు. నాలుగు రోజుల్లో మెత్తబడేది తోలు కాదు, కాయ కాసేది నా మడమ. కొత్త కళ్లజోడులో మెట్లు వంకరగా కనిపిస్తున్నాయంటే కళ్లే సెట్ అవుతాయంటారు. కాగితం కదలడం లేదని ఒక కార్యాలయంలో మొరపెట్టుకుంటే, బయట టీకొట్టు దగ్గర నిలబడిన మనిషిని చూపించి ఆయన సెట్ చేస్తాడన్నారు. ఒప్పుకోవాలి, అక్కడ మాత్రం కర్త ఉన్నాడు, గడువు ఉంది, ధర కూడా ఉంది.

చెప్పులు, కళ్లజోళ్లు పోనివ్వండి. పెళ్లిచూపుల గదిలోకి తమను ఎవరు పిలిచారు? కుర్రాడు సాయంత్రమైతే తాగుతాడనీ, ఏ ఉద్యోగంలోనూ నిలవడనీ అందరికీ తెలిసిన సంబంధం గురించి పెద్దలు సోఫా సెట్‌లో కూర్చొని, జీడిపప్పు నములుతూ, "వయసు అలాంటిది, పెళ్లయితే వాడే సెట్ అవుతాడు" అంటారు. పెళ్లవుతుంది. ఆరు నెలలకు పిల్ల ఏడుస్తూ పుట్టింటికి వస్తే, "కొత్తలో అంతేనమ్మా, నువ్వే కాస్త సెట్ అవ్వాలి" అంటారు. ఇక్కడ జరిగిన పని చూశావా? పెళ్లికి ముందు సెట్ కావలసినవాడు అతను. తాళి పడ్డాక సెట్ కావలసినది ఆమె. అప్పు ఒకరి పేరు మీద తీసి, వసూలు ఇంకొకరి దగ్గర చేశారు, సంతకం పెట్టింది నువ్వు. పిల్లలు పుడితే సెట్ అవుతాడన్నారు, పుట్టారు. పిల్లలు బడికి వెళ్తే సెట్ అవుతాడన్నారు, వెళ్తున్నారు. ఎండలొస్తే, వానలు పడితే! వాడిని మాన్పించండి, లేదా మేమే వెళ్లి అడుగుతాం, లేదా పిల్లను ఇంట్లో ఉంచుకుంటాం అని ఒక్క పెద్దమనిషి నోటి నుంచి కర్త ఉన్న వాక్యం రాలేదు. ఎందుకు వస్తుంది, నువ్వున్నావు కదా! చేతకానితనానికి ఇంత మర్యాదైన మాట దొరికాక నిజం చెప్పే అగత్యం ఎవరికుంది? నీకు 430 అర్థాలు వ్రాసినవాళ్లు ఇది ఒక్కటి వదిలేశారు: ఏమీ చేయం, నువ్వే భరించు.

క్షమించాలి, ఏకవచనంలోకి దిగాను. తిరిగి ఎక్కే ఉద్దేశం లేదు.

కాబట్టి విన్నపం ఇది. దోసెలు నీవి. గాజులు, టీ కప్పులు, పంపులు, టీవీ పెట్టెలు, సినిమా కోటలు అన్నీ నీవే, ఎవరూ అడగరు. జిరాక్సు మూడో సెట్ కూడా ఉంచుకో. 'అవుద్ది' పక్కన మాత్రం ఇక నిలబడకు. ఎవరైనా బలవంతంగా నిలబెడితే, ఎవరు చేస్తారు, ఏ తారీఖుకు చేస్తారు అని అక్కడే అడుగు. జవాబు రాకపోతే వాళ్ల నాలుక మీద నుంచి దిగి వెళ్లిపో. వాళ్లు తడబడతారు, దగ్గుతారు, చివరికి "చూద్దాంలెండి" అంటారు.

అది చాలు నాకు. 'చూద్దాంలెండి' అంటే పని జరగదని తెలుగు పుట్టుక పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ ఆడపిల్లకూ తెలుసు.

ఇట్లు,
తమ వినియోగదారుడు